కట్టుకున్న చేతులు

పెద్దోడి నోట్లోంచి మాట బయటికి రాకముందే పోయినసారి ఆగిపోయాం. వారం పాటు పిల్లాణ్ణి కుర్చీలో అలా కూర్చోబెట్టి వెళ్ళిపోయినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. ఏం చెయ్యను, నాకిచ్చిన పేజీలు అయిపోయాయి. పాపం, వాడింకా అక్కడే ఉన్నాడు.

సంగతి మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే ఈ ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళకీ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మన చిట్టికి ముగ్గురూ మగపిల్లలే. పెద్దోడు, నడిపోడు, బుడ్డోడు. ముగ్గురినీ ఇంట్లోనే కూర్చోబెట్టి చదివిస్తోంది. కూర్చోబెట్టి అనడం అన్యాయమే, వాళ్ళు కూర్చుంటే కదా! పెద్దోణ్ణి మొదట బడికి పంపింది. కుదురు లేదని అక్కడ రోజూ వరండాలో నిలబెట్టేవాళ్ళు. ఇల్లు పీకి పందిరేసే పిల్లాడు కాస్తా మాట్లాడటం మానేశాడు, నిద్రలో ఉలిక్కిపడటం మొదలుపెట్టాడు. ఓ పొద్దున చిట్టి వాడి చెయ్యి పట్టుకుని బడి గేటు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచే వెనక్కి తీసుకొచ్చేసింది.

ఇది ఆమె ఆడపడుచుకి మింగుడు పడలేదు. ఆ వదినగారు వేరే ఊళ్ళో ఒక బడికి హెడ్మిస్ట్రెస్. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచి, ఫ్రిజ్‌ల మెకానిక్‌ని చేసి, పెళ్ళి చేసిన మనిషి. నిన్న బస్సు దిగుతూనే ఆవిడ ఒక మాటన్నారు. "పెద్దాడికి ఒక్క పేజీ చదవడం రాకపోతే రేపు సాయంత్రం బస్సుకి నాతో తీసుకెళ్తాను. మా ఇంట్లోనే ఉంచుకుని, మా బళ్ళో చదివిస్తాను." తమ్ముడు "సరే అక్కా" అన్నాడు. చిట్టిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇప్పుడు ఆ పేజీ పెద్దోడి ముందుంది.

"చేతులు కట్టుకో. నడుం నిటారుగా. ఊఁ, చదువు," అన్నారు వదినగారు.

పెద్దోడు చేతులు కట్టుకున్నాడు. వాడంత బుద్ధిగా కూర్చోవడం చిట్టి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అందుకు మురిసిపోవాలో, భయపడాలో ఆమెకి తెలియలేదు. పుస్తకంలో మొదటి వాక్యం ఆమెకి నిలబడ్డ చోట నుంచే కనిపిస్తోంది. 'గుర్రం బండి గుంతలో దిగబడింది.' ఇంతకంటే కష్టమైనవి వాడు నిన్ననే చదివాడు.

"గర," అన్నాడు పెద్దోడు.

వదినగారు కళ్ళద్దాల మీద నుంచి చూశారు.

"గర... బడ... గతల..." కళ్ళు చికిలించి పేజీని చూశాడు. "దగబడద."

అంతలో, ముందుగది మధ్యలో నిలబెట్టిన ఫ్రిజ్ అట్టపెట్టె చుట్టూ బుడ్డోడు పరుగందుకున్నాడు. ఆ అట్టపెట్టె వాళ్ళ నాన్న ఎవరింట్లోనో కొత్త ఫ్రిజ్ బిగించి తెచ్చింది. పిల్లలకి అదే గుహ, అదే బస్సు, అలిగితే అదే పుట్టిల్లు. "దగబడద! దగబడద!" అని వాడు దాన్ని వాయిస్తూ తిరుగుతుంటే నడిపోడు పెట్టెలోంచి తల బయటికి పెట్టి, ఎవరి మొహంలోనూ నవ్వు లేకపోవడం చూసి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

"ఇదేం భాషరా?" అన్నారు వదినగారు. కోపంగా కాదు, అదే ఇంకా బాధ. "కంగారు పడకు. మళ్ళీ చదువు."

పెద్దోడు మళ్ళీ చదివాడు. మళ్ళీ అదే. గర, బడ, గతల, దగబడద. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి. కట్టుకున్న చేతులు మాత్రం విప్పలేదు, అత్త చెప్పింది కదా.

నిన్న వాడు చదివాడే! వదినగారు బస్సు దిగకముందు, చిట్టి వంటింట్లో గిన్నెలు తోముతుంటే వాడు ఇదే గదిలో గెంతుతూ, దొర్లుతూ, ఓ కథంతా పైకి చదివాడే! లేక అది కంఠతా పట్టి అప్పజెప్పాడా? ఇన్నాళ్ళూ వాడికి వచ్చిందనుకుని మురిసిపోయింది. ఏమీ రాలేదా? కొడుకు మీది పిచ్చిప్రేమతో తనని తనే మోసం చేసుకుందా?

"నిన్న చదివాడు వదినా," అంది. తన గొంతు తనకే నమ్మబుద్ధి కాలేదు.

"నిన్న చదివినవాడు ఇవాళ మరిచిపోతాడా చిట్టీ?" వదినగారు పుస్తకం మూశారు. "నీ తప్పని అనడం లేదమ్మా. ముగ్గురితో నువ్వు పడే పాట్లు పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాను. మెట్లెక్కిస్తూ ఎక్కాలు చెప్తున్నావు, నట్లూ బోల్టులూ పోసి లెక్కలు చెప్తున్నావు, బాగానే ఉంది. కానీ వీడు బడి వయసొచ్చిన పిల్లాడు. ప్రేమ వేరు, చదువు వేరు. నాతో పంపు. నీ కొడుకుని నీకు మనిషిని చేసి అప్పగిస్తాను."

చిట్టి మొగుడి వంక చూసింది. మెకానిక్ గారు సోఫాలో కుక్కిన పేనులా కూర్చుని, చేతిలోని స్క్రూడ్రైవర్‌ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. పిల్లలు గెంతి గెంతి ఆ సోఫా స్ప్రింగులు ఏనాడో పోయాయి, అందులో కూర్చున్న మనిషి సగం మునిగిపోయి కనిపిస్తాడు. ఇవాళ పూర్తిగా మునిగిపోతే బాగుండునన్నట్టు ఉన్నాడు.

"మీరొక్క మాటైనా అనరేమండీ?"

"అక్క మన మంచికేగా చెప్పేది..." అని నసిగాడు.

"మంచికే. కాదన్నానా? ఇంట్లో కుర్చీ జరపాలన్నా నన్నడుగుతారే! కొడుకుని ఇచ్చేయడానికి అడగబుద్ధి కాలేదా?"

చిట్టి వదినగారి వైపు తిరిగింది. ఆవిడ ముందు ఎప్పుడూ గొంతెత్తలేదు. ఇప్పుడూ ఎత్తాలని ఎత్తలేదు, లోపల్నుంచి అదే తన్నుకొచ్చింది.

"వదినా, మీరు వాడికి నా కంటే బాగా చదువు చెప్తారు. నాకు తెలుసు. అన్నం కూడా వేళకి పెడతారు. కానీ వాడికి నిద్ర ఎలా పడుతుందో తెలుసా మీకు? తమ్ముడి కాలు మీద కాలు వెయ్యకపోతే పట్టదు. జ్వరమొస్తే నోరు విప్పి చెప్పడు, చొక్కా అంచు నములుతాడు. అప్పుడు మనమే చెయ్యి వేసి చూసుకోవాలి. వరండాలో నిలబడి నిలబడి రాయైపోయిన పిల్లాణ్ణి మళ్ళీ నవ్వించుకోవడానికి నాకు ఎన్ని నెలలు పట్టిందో! చదువు రాలేదంటారా, సరే, రాలేదు. నా చేతకానితనమే. ఇంకొన్నాళ్ళు చెప్తాను. వాణ్ణి మాత్రం..."

గుడ్లనీరు కుక్కుకుని నిలబడిపోయింది. కుర్చీలో పెద్దోడు బిక్కమొహం వేసుకుని అమ్మనీ అత్తనీ మార్చి మార్చి చూస్తున్నాడు.

వదినగారు రాతిగుండె మనిషని అనుకోకండి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "చొక్కా అంచు నమిలే అలవాటు వీళ్ళ నాన్నకీ ఉండేది చిట్టీ," అన్నారు మెల్లగా. "అది కనిపెట్టే పెంచాను వాణ్ణి. వీడివీ నేర్చుకుంటాను. అన్ని వేళలా మనం పక్కన ఉండలేం కదా. రేపు చదవడం రాక నలుగురిలో తలదించుకుంటే ఆ పాపం మనది కాదూ?"

ఆవిడ చెడ్డదైతే చిట్టి పోట్లాడేది. ఆవిడ మంచిదే, చిక్కంతా అక్కడే వచ్చింది.

"వాడి బట్టలు సర్దమ్మా. బస్సు వేళకి అన్నం తిని బయల్దేరతాం," అని వదినగారు లేచారు.

అప్పుడు అట్టపెట్టెలోంచి మాట వినిపించింది.

"అత్తా! నువ్వే కదా చేతులు కట్టేశావ్."

నడిపోడు. ఈసారి తల ఒక్కటే కాదు, నడుం దాకా బయటికొచ్చాడు. వాడి మొహంలో, పెద్దవాళ్ళకి ఇంత చిన్న విషయం తెలియదా అన్న విసుగు.

"నేను కట్టెయ్యడమేంట్రా?"

"చేతులు కట్టేస్తే అన్న గుడెలా కడతాడు?"

"ఏ గుడి?"

"డ మీద గుడి!" నడిపోడు రెండు చేతులూ తల మీదికెత్తి వేళ్ళు కలిపి గుండ్రంగా పట్టుకున్నాడు. "ఇదిగో, గుడి కడితే డి. చేతులు లేకపోతే ఉత్తి డనే." తర్వాత ఒక పిడికిలి చెవి పక్కన పెట్టాడు. "ఇది కొమ్ము. గ పక్కన కొమ్ము, గు." చెయ్యి బారుగా చాపి, "దీర్ఘం," అన్నాడు. గబుక్కున గొంతుక్కూర్చుని, "ఒత్తు," అన్నాడు. లేచి గిర్రున ఒక చుట్టు తిరిగి, "సున్న," అన్నాడు. తిరిగిన ఊపుకి పెట్టెకి గుద్దుకున్నాడు.

వదినగారు ముక్కున వేలేసుకున్నారు. చిట్టికి తల కొట్టేసినట్టయింది. ఇంటి గుట్టు ఇలా బయటపడాలా!

"అది... ఆట వదినా," అంది. "వానలు పట్టుకుని వారమంతా బయటికి పంపలేకపోయినప్పుడు మొదలుపెట్టాను. ఈ ముగ్గురూ ఇల్లు కూల్చేస్తున్నారు. కింది వాటా ఆవిడేమో చీపురు కర్రతో మా నేలని పొడుస్తోంది. ఊరికే గెంతే బదులు గుణింతానికి గెంతమన్నాను. అలసిపోయి కాసేపు పడుకుంటారు కదా అని పెట్టాను. అంతే, చదువని పెట్టలేదు."

అంటూనే ఆగిపోయింది. చదువని పెట్టలేదు. కానీ నిన్న వాడు చదివింది ఎలా చదివాడు? గెంతుతూ. మొన్న? దొర్లుతూ. అసలు వాడు నిలకడగా ఉండి చదవగా తనెప్పుడైనా విన్నదా? "చేతులు ఊపకురా, చూసి చదువు" అని తనే ఎన్నిసార్లు కసిరింది! కసిరినప్పుడల్లా వాడు తడబడేవాడు. దాన్ని అల్లరనుకుంది. కన్నతల్లి, పైగా పాఠం చెప్పే పంతులమ్మ. ఇంత కళ్ళముందున్నది చూడలేకపోయింది.

వదినగారు మళ్ళీ కూర్చున్నారు. పుస్తకం తెరిచి, వాక్యం మీద వేలు పెట్టి, తనలో తను గొణుక్కున్నారు. "గర... బడ... గతల..." ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. "చిట్టీ, ఇటు రా. చూడు. గుర్రంలో గ, ర. బండిలో బ, డ. అక్షరం ఒక్కటి తప్పలేదు వీడు. గుణింతాలూ ఒత్తులూ సున్నలే లేవు."

"అవి వాడి చేతుల్లో ఉన్నాయి వదినా," అంది చిట్టి. ఈసారి మాట గట్టిగానే వచ్చింది.

వదినగారు పెద్దోడి వైపు తిరిగారు. నిన్న వచ్చినప్పటినుంచీ వాణ్ణి "అబ్బాయ్" అనే పిలుస్తున్న మనిషి, "చేతులు విప్పు నాన్నా," అన్నారు. "కుర్చీ కూడా వద్దు. లే."

పెద్దోడు నమ్మలేనట్టు అమ్మని చూశాడు. చిట్టి తలూపింది.

వాడు లేచాడు. పుస్తకాన్ని సోఫా చేతి మీద, వాళ్ళ నాన్న మోచేతికి ఆనించి నిలబెట్టాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. పిడికిలి చెవి పక్కకి వెళ్ళింది. "గు..." గొంతుక్కూర్చుని, అలాగే ఒక చుట్టు తిరిగాడు. "...ర్రం! గుర్రం!" చుట్టు, ఆ వెంటనే తల మీద గుడి. "బండి! గుర్రం బండి!"

ఇక ఆగలేదు. "గుంతలో దిగబడింది" అంటూ గది ఆ చివరికి వెళ్ళాడు. "అందరూ కలిసి ఎత్తారు" అంటూ ఈ చివరికి వచ్చాడు. మధ్యలో నడిపోడు కలిశాడు, ఒత్తు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి నేలకి దిగుతున్నారు. బుడ్డోడికి అక్షరమ్ముక్క రాదు గానీ వాడికేం, ప్రతి మాటకీ సున్న చుట్టేస్తున్నాడు. కింది వాటా చీపురు కర్ర మేలుకుని టకటకా పొడవడం మొదలుపెట్టింది. మెకానిక్ గారు పుస్తకం పడిపోతుందేమోనని మోచెయ్యి కదపకుండా, ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు.

చివరి వాక్యం 'బండి బయటికి వచ్చింది.' ఆ ఆఖరి మాట దగ్గర వచ్చింది తంటా. చకారానికి గుడి, కింద ఒత్తు, పక్కన సున్న. మూడూ ఒక్కచోటే! పెద్దోడు ఒక్క క్షణం ఆలోచించి, చేతులు తల మీద కలిపి, గొంతుక్కూర్చుని, అలాగే గిర్రున తిరిగి, "వ... చ్చిం..." అంటూ వెల్లకిలా అట్టపెట్టెలో పడ్డాడు. లోపల్నుంచి "...ది!" అని వినిపించింది.

వదినగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని చిట్టి కంగారుపడింది. కాదు, నవ్వుతున్నారు. చప్పుడు రాకుండా పళ్ళ బిగువున ఆపుకుంటూ, ఇక ఆపుకోలేక పకపకా నవ్వేశారు. మెకానిక్ తన అక్క అలా నవ్వగా చూసి ఎంత కాలమైందో, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నవ్వు తగ్గాక ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీ కొడుకుని నేను తీసుకెళ్ళను చిట్టీ. చదువు వచ్చింది వాడికి. గెంతులు మెల్లమెల్లగా లోపలికి సర్దుకుంటాయి, తొందరేం లేదు. నువ్వే చదివించు."

చిట్టికి ప్రాణం లేచొచ్చింది. ఇందాకటినుంచీ బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారిగా బయటపడింది. పెట్టెలోంచి పెద్దోణ్ణి లాగి గుండెకి హత్తుకుంటే, అట్టపొడీ చెమటా కలిసిన వాడి వాసనకి ఇంకాస్త ఏడుపొచ్చింది. మొగుడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి పక్కన నిలబడ్డాడు. "నిన్నడక్కుండా మాటిచ్చాను. బుద్ధి తక్కువై ఇచ్చాను," అన్నాడు చెవి దగ్గర. "తర్వాత తిడతాను, ముందు నీళ్ళివ్వండి," అంది చిట్టి ముక్కు ఎగబీల్చుకుంటూ.

కథ ఇక్కడితో సుఖాంతం అయిపోతే ఎంత బాగుండేది!

వదినగారు మాత్రం సోఫా మీది పుస్తకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఆ మొదటి వాక్యం మీదే వేలు పెట్టుకుని కూర్చున్నారు. నవ్వు ఎటు పోయిందో పోయింది.

"ఏమైంది వదినా?"

"మా మూడో తరగతిలో ఒకడున్నాడు," అన్నారు ఆవిడ, ఎవరి వంకా చూడకుండా. "వాడూ అచ్చం ఇలాగే చదువుతాడు. గర, బడ అని. కాళ్ళూ చేతులూ ఒక్క క్షణం ఊరుకోవు. మొండితనం అనుకున్నాను. ఈ యేడు కూడా అదే తరగతిలో ఉంచేశాను."

అమ్మ కౌగిట్లోంచి పెద్దోడు తల బయటికి పెట్టాడు. "వాణ్ణి కూడా చేతులు కట్టుకోమన్నావా అత్తా?"

"అన్నాను నాన్నా."

"వరండాలో నిలబెట్టావా?"

వదినగారు పుస్తకం మూసేశారు. పెద్దోడికి చెప్పక్కర్లేదు, వరండా సంగతి వాడికి తెలుసు. చొక్కా అంచు నోటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ వదిలేశాడు.

"వాడికి గుడి కట్టడం ఎవరూ చూపించలేదా మరి?"

"లేదు. నాకే తెలియదు కదరా."

"నువ్వు చూపించలేవులే అత్తా. నీకు ఒత్తు దగ్గర మోకాళ్ళు నొప్పెడతాయి," అన్నాడు పెద్దోడు చాలా సీరియస్‌గా. "నేనొస్తాను. నేను చూపిస్తాను వాడికి."

చిట్టి చేతులు వాడి చుట్టూ బిగుసుకున్నాయి. "ఏంట్రా నువ్వనేది?"

"అత్త ఊరికి వెళ్తానమ్మా."

మెకానిక్ చేతిలో ఖాళీ గ్లాసు అలాగే ఉండిపోయింది. వదినగారు చటుక్కున తలెత్తి, అంతలోనే చిట్టి మొహం చూసి, కిటికీ వైపు తిరిగిపోయారు. "వద్దు నాన్నా, అమ్మ..." అనబోయి, మాట పూర్తి చేయలేకపోయారు. ఆవిడ మొహంలో ఆశ కనిపిస్తూనే ఉంది, దాచుకోవడం చేతకాలేదు పాపం.

వాడు పోనని ఏడిస్తే ఎలా ఆపాలో చిట్టికి తెలుసు. వాణ్ణి ఎవరైనా లాక్కెళ్తే ఎలా అడ్డుపడాలో కూడా తెలుసు, ఇందాక అడ్డుపడింది. వాడే తన చేతుల్లోంచి మెల్లగా విడిపించుకుని, ఎదురుగా నిలబడి, రెండు చేతులతో తన గడ్డం పట్టుకుని బతిమాలతాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"పంపమ్మా," అన్నాడు పెద్దోడు. "వాడు ఒక్కడే నిలబడి ఉంటాడు కదా."